కరిచిన కుక్కకి పాలు

వీధికుక్కకి ఎవరైనా పాలు పోస్తుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో, జార్జి టౌన్‌లోని మా సందులో ఒక కుక్క తమ్ముణ్ణి కరిచింది. నాన్న కార్పొరేషన్ ఆఫీసులో కంప్లెయింటు ఇచ్చి వచ్చి, "దాన్ని తరమొద్దంట. కొన్ని దినాలు ఈడనే పెట్టుకోని చూస్తా ఉండమన్నారు" అని మా అవ్వతో చెప్పాడు.

అప్పట్నుంచి సూదులు వేయించుకున్న తమ్ముడికి జామ్ బన్ను, కరిచిన కుక్కకి గిన్నెడు పాలు. ఎవర్నీ కరవని నాకు మాత్రం రోజూలాగే చద్దన్నం.

"కరిస్తే పాలు పోస్తారా అవ్వా?" అని ఏడ్చాను.

అవ్వ వినలేదు. కుక్క నాలుక పాలకు తగిలేదాకా ఊపిరి బిగబట్టి, "తాగతా ఉండాదిరా!" అంటూ తమ్ముణ్ణి వాటేసుకుంది.

పిచ్చి పట్టిన కుక్క పాలు ముట్టదని అవ్వ నమ్మకమని చాలా ఏళ్లకు తెలిసింది. అవ్వ ఆ గిన్నెలో చూసుకున్నది తమ్ముడి ప్రాణాన్ని. అంతా తెలిసినా, ఆ పాలు తలుచుకుంటే నాకింకా కుళ్లే.