తప్పెటలో ఊపిరి

ఇది ముందే రాయాల్సింది. అప్పట్లో నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు మేకల వెనక తిరిగాను, పెళ్ళయ్యాక పొలాల్లో వంగాను. మా ఆయన పోయాక పొద్దు గడవక పక్కింటి కోడలి దగ్గర పలక పట్టుకున్నాను. అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం ఆగాను. రాస్తే ఆయన మళ్ళీ వినిపిస్తాడేమోనని భయం.

మాది కొత్తవలస దగ్గర పల్లె. మా ఆయన తప్పెటగుళ్ళు ఆడేవాడు. గుండ్రటి రేకు తప్పెటను ఛాతీకి కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎగురుతూ, రెండు చేతులా వాయిస్తారు. ఆయన పోయాక తప్పెట గోడ మేకుకు మిగిలింది. ఇంకొకటి కూడా మిగిలింది. ఒకసారి పెరట్లో ఆయన ఆడుతుంటే మా అమ్మాయి ఫోన్లో రికార్డు చేసింది.

అమ్మాయి ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. సెలవు రోజుల్లో ఇంట్లోనే కంప్యూటర్ మీద డాన్సు పిల్లలకు బీట్లు చేస్తుంది. గది మోగకుండా నేను కుట్టిన బొంతలు గోడలకు కట్టింది. ఒక మధ్యాహ్నం నేను చింతపండు పిక్కలు తీస్తుంటే, ఆ బొంతల మధ్య నుంచి మా ఆయన తప్పెట మోగింది. నా చెయ్యి ఆగిపోయింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఇంకేదో ఉంది. సన్నగా, ఈల వేసినట్టు.

"ఏటే ఆ సప్పుడు?" అన్నాను గుమ్మంలోకి వెళ్ళి.

"అయ్య ఊపిరి," అంది తెర మీంచి కళ్ళు తీయకుండా. "తీసేస్తన్నాను."

ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పెరట్లో ఆడిన రోజు జబ్బు సంగతి ఎవరికీ తెలియదు. ఈల మాత్రం అప్పటికే ఉంది. మేమందరం చప్పట్లు కొడుతున్నాం. ఆ చప్పట్లూ అందులో వినిపించాయి.

"తియ్యకే."

"బీటు పాడైపోతాదే అమ్మా. ఎనకాల ఎవలో నిలబడినట్టు ఉన్నాది."

"ఎవలో ఏటే? మీ అయ్య."

తను హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. గజ్జెలు ఎడమ చెవిలో, చప్పట్లు కుడి చెవిలో, తప్పెట మధ్యలో. ఊపిరి ఇంకొంచెం వినబడేలా పెంచమన్నాను. పెంచింది. తప్పెట రేకు చిరిగినట్టు అరిచింది.

"పెంచితే పగిలిపోతాదమ్మా. ఒకటి ఇనబడాలంటే దానికి అడ్డొచ్చిందాన్ని తగ్గించాల."

చప్పట్లు తగ్గించింది. గజ్జెలు తగ్గించింది. కంప్యూటర్లో తను వేసుకున్న దరువు పూర్తిగా తీసేసింది. మొత్తం సౌండు కూడా చిన్నది చేసింది. అప్పుడు ఊపిరి దగ్గరికొచ్చింది. నా ఎడమ భుజం వెనక, చెవిని తాకేటంత దగ్గరికి. వెనక్కి తిరిగాను. బొంత ఉంది. దాని మధ్యలో ఆయన పాత పంచె ముక్క.

"నువ్వూ తిరిగినావా?" అంది అమ్మాయి. "నాకు రోజూ అలాగే ఉంటాంది. అందుకే తీసేద్దామనుకున్నాను. బీటు కోసం కాదు."

నా ముందే తీసి చూపించింది. ఈలతో పాటు తప్పెట మోత కూడా పోయింది. ఖాళీ డబ్బా కొట్టినట్టు మిగిలింది.

"ఛాతీకి కట్టిందాన్లోంచి ఊపిరి ఇడిగా ఎలా వస్తాదే?" అన్నాను.

"మరేటి సెయ్యమంటావు? డాన్సు పిల్లలు రేపు సాయంత్రం వస్తారు. అయ్య ఆయాసం మీద వాళ్ళని ఎగరమంటానా?"

"ఎగిరితే ఏటి? మీ అయ్య ఎగర్లేదా?"

ఫక్కున నవ్వింది. నవ్వు ఆగకముందే ఏడ్చింది. మా ఇంటి వెనక పట్టాల మీద ఇనుప రాయి మోసుకెళ్ళే గూడ్సు బండి అప్పుడే వచ్చింది. అది పోయేదాకా గిన్నెలు అదురుతూనే ఉన్నాయి. తర్వాత అమ్మాయి కంప్యూటర్ కట్టేసింది. తీసిందాన్ని దాచిందో, వదిలేసిందో చెప్పలేదు. నేను అడగలేదు. ఆ రాత్రి ఇద్దరం ఒకే గదిలో పడుకున్నాం.

మర్నాడు ఉదయం మేకు మీంచి తప్పెట దించాను. మా వైపు ఆడవాళ్ళు దాన్ని కట్టుకోగా నేను చూడలేదు. దుమ్ము తుడిచి ఛాతీకి కట్టుకున్నాను. తాడు ఆయన కొలతకు ఉంది. ఇంకో ముడి వేసి బొంతల గదిలోకి వెళ్ళాను.

"ఫోను పెట్టు. పిల్లలకి నా దెబ్బ తీసుకో. ఆయన్ది అలాగే ఉంచీ."

"ఓలమ్మ! నీకు కొట్టడం వచ్చేటి?"

"ఇన్నేళ్ళు ఇన్లేదా?"

దూరంగా బండి కూత వినబడింది. అది దాటిపోయేదాకా ఇద్దరం ఆగాం. తర్వాత కొట్టాను. రేకు పక్కటెముకలకు తగిలి, నేను వదలకుండానే ఊపిరి బయటికి వచ్చింది. అమ్మాయి ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇంకోసారి," అంది.

కొట్టాను.