బ్లోయరు బాబాయి, ఆగిన మోత

మురుగునీటి శుద్ధి కేంద్రంలో అందరూ ఆయన్ని బ్లోయరు బాబాయి అంటారు. పిలిస్తే మాత్రం పలకడు. మురుగుతొట్టిలోకి గాలి కొట్టే బ్లోయర్ల మోతలో ఎవరి మాట ఎవరికి వినబడి చచ్చింది గనక! చెవులు దివ్యంగానే ఉన్నాయి. అరవడం అలవాటైపోయి, ఇంట్లో ఆయన గుసగుసలాడితే మూడో ఇంటివాళ్లు సమాధానం చెబుతారు.

మురుగును తినే సూక్ష్మజీవులు ఆయనకు పిల్లలు. ఊరంతా ఫ్లష్ నొక్కి చేతులు దులుపుకుంటుంది. తర్వాతి చాకిరీ తన పిల్లలదేనని ఆయన గర్వం. వాళ్లు బాగుచేసిన నీళ్లే పార్కులకూ, మళ్లీ ఆ ఫ్లష్‌లకూ వెళతాయి.

ఇంతలో కరెంటు ఆదా చేసే కొత్త బ్లోయర్లొచ్చాయి. నీటిలో గాలి చాలినంత ఉంటే సెన్సారు వాటిని ఆపేస్తుంది. మోత ఆగినప్పుడల్లా బాబాయికి గుండాగినంత పనయ్యేది. పిల్లలకు ఊపిరాడదని పరుగెత్తుకెళ్లి స్విచ్ నొక్కేవాడు. కరెంటు బిల్లు ససేమిరా తగ్గనంది.

"గాలి ఎక్కువైతే దండగ బాబాయ్!" అని ఇంజనీరమ్మ ఆయన చెవిలో అరిచింది. "ఇంకోసారి స్విచ్ జోలికెళ్లారో, గేటు దగ్గర కూర్చోబెడతా!"

గేటు దగ్గర! తొట్టి లేకపోతే తానెవరో ఆయనకే తెలియదు. ఆ రోజు బాత్రూములో దూరి ఏడ్చాడు కూడా.

మర్నాడు భార్య క్యారియరు తెచ్చింది. ఆయన తింటుండగా మోత ఆగింది. ఎంగిలి చేత్తోనే లేచి స్విచ్ మీద చెయ్యి వేశాడు. వెనకాల ఆవిడ గిన్నెలు సర్దుకుంటూ, మోత ఆగిన సంగతే గమనించకుండా, రోజూలాగే తనలో తాను గొణుక్కుంటోంది.

"ఆ పురుగులకి నలతగా ఉంటే రాత్రంతా జాగారం చేస్తాడు. నా మోకాళ్లు పట్టేసి ఏడాదైంది, అడిగిన పాపాన పోయాడా మొద్దు మొహం? ఈ మొహం మీదే ప్రాణం పెట్టుకున్నా చూడు, నన్ననాలి."

స్విచ్ నొక్కకుండానే బాబాయి చెయ్యి దించాడు. వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"మోకాళ్లు అంత నొప్పిగా ఉన్నాయా?" అన్నాడు, అరవకుండా.

ఆవిడ చేతిలో గిన్నె జారింది. "అంతా వినబడిందా?"

"మొద్దు మొహంతో సహా."

"అంటే, అసలు సంగతేంటంటే..." అని ఆవిడ సిగ్గుపడుతూ ఏదో చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే బ్లోయరు తనంతట తానే మొదలైంది.

"నోర్ముయ్యవే దరిద్రపుదానా!" అని బాబాయి బ్లోయరు మీద విరుచుకుపడ్డాడు.