ఆరు బందులకు బొట్టు

రాష్ట్రం ఏర్పడిన ఐదో ఏడు, మృగశిర వెళ్లిన మరుసటి సోమవారం, చౌటుప్పల్ దగ్గర ఒక చిన్న యంత్ర భాగాల షెడ్డులో తనిఖీ ఇంచార్జిగా చేరాను. అప్పటికి హైదరాబాదులో ఒక పెద్ద కర్మాగారంలో ముప్పై ఏళ్లు అదే పని చేసి పదవీ విరమణ పొంది ఉన్నాను. ఇంట్లో ఖాళీగా కూర్చుని కూరలో ఉప్పు కూడా తనిఖీ చేస్తున్నానని మా ఆవిడ విసుక్కోవడంతో ఈ రెండో ఉద్యోగానికి ఒప్పుకున్నాను.

తనిఖీ ఇంచార్జి అంటే షెడ్డులో అందరికన్నా తక్కువ ప్రేమ దొరికే పదవి. మిషన్ మీద మనిషి చేసిన ముక్కను డ్రాయింగులోని కొలతతో పోల్చి చూడాలి. సరిపోతే పత్రం మీద సంతకం పెట్టాలి, సరిపోకపోతే ఎర్ర చీటీ కట్టాలి. యజమాని తొందరపెట్టినా, పనివాడు బతిమాలినా ఆ సంతకం ఇంచార్జి ఒక్కడిదే. అది లేని ముక్క గేటు దాటదు.

మా షెడ్డులో పాతిక మందికి పైగా పనిచేసేవాళ్లు. ఎక్కువగా చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలకు పంపుల భాగాలు చేసేవాళ్లం. నేను చేరిన రెండో ఏడు మా యజమాని నర్సిరెడ్డి ఎక్కడెక్కడో తిరిగి బెంగళూరు నుంచి ఒక ఆర్డరు తెచ్చాడు. ఒక చిన్న ఉపగ్రహానికి ఆరు బందులు కావాలి. తలుపుకు వేసే బందుల్లాంటివే, అరచేతిలో పట్టేంత. ఉపగ్రహానికి రెండు పక్కలా సౌర ఫలకాలు రెక్కల్లా మడిచి ఉంటాయి. కక్ష్యలోకి చేరాక అవి విచ్చుకోవాలి. ఒక్కో రెక్కకు మూడు బందులు. ఒక్క బందు బిగుసుకున్నా రెక్క తెరుచుకోదు, ఉపగ్రహానికి కరెంటు ఉండదు.

ఇంత పని మా షెడ్డు దాకా రావడానికి కారణం రాకెట్టే. ఆ ఉపగ్రహాన్ని తీసుకుపోయేది అమెరికా వాళ్ల తిరిగి వాడుకునే రాకెట్టు. కింది భాగం పైభాగాన్ని కొంత ఎత్తుకు చేర్చి, వెనక్కి తిరిగి వచ్చి నిలువుగా నేల మీద దిగుతుంది. దాన్ని పరీక్షించి మళ్లీ పంపుతారు. దాంతో ఖర్చు తగ్గి, చిన్న కంపెనీలు కూడా చిన్న ఉపగ్రహాలను ఆ రాకెట్టు ఎక్కించగలుగుతున్నాయి. ఇబ్బంది ఏమిటంటే అది బస్సు లాంటిది. ఎక్కవలసినవి చాలా ఉంటాయి కాబట్టి ఏ ఒక్కరి కోసమూ ఆగదు. తప్పిపోతే మళ్లీ ఎప్పుడు చోటు దొరుకుతుందో చెప్పలేం.

ఆ బందులను మిషన్ మీద కోసినవాడు ఖాజా మియా. మా షెడ్డులో అందరికన్నా సీనియర్. ఆ తర్వాత అంచుల గరుకు తీసినది యాదమ్మ. ఒకప్పుడు కూలికి వెళ్లిన మనిషి, పదేళ్లుగా మా దగ్గర పనిచేస్తోంది. సన్నటి ఆకురాయి పట్టుకుని అంచు మీద వేలు ఆనించి, నా భూతద్దానికి కనబడని గరుకును కూడా పట్టుకునేది. బందులకు బంగారు పసుపు రంగు పైపూత వేయించాక, వాటిని స్పిరిట్‌లో కడిగి, ఆరబెట్టి, సంచుల్లో పెట్టే పని కూడా ఆమెదే. దానికోసం అద్దాలతో చిన్న గది కట్టించాం. కడిగాక ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, మరే పదార్థమూ తగలకూడదు. ఈ నిబంధనలన్నీ పెద్ద అక్షరాలతో రాసి గది గోడకు నేనే అంటించాను.

కడిగిన బందులు ఆ గదిలో పళ్లెం మీద ఆరుతుండగా దసరా వచ్చింది. పండుగ ముందురోజు షెడ్డులో ఆయుధ పూజ. మిషన్లన్నీ తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. ఖాజా తన మిషన్‌కు దండ తానే కొని తెచ్చేవాడు. ఇంకొకరు వేస్తే ఊరుకునేవాడు కాదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా బాపు తిరుమలగిరిలో వడ్రంగి. బాడిశకు, ఉలికి బొట్టు పెట్టనిదే ఆయనకు దసరా లేదు. ఆ అలవాటుతో నా మైక్రోమీటర్లను, గేజీలను పెట్టెల్లోంచి తీసి బల్ల మీద వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి ఉంగరపు వేలితో బొట్టు పెట్టాను. ముప్పై ఏళ్లుగా ప్రతి దసరాకూ అదే పని. సెలవుల తర్వాత తుడిచి, ఎప్పటిలాగే వాడాను.

సెలవులు అయిన రోజే యాదమ్మ బందులను సంచుల్లో పెట్టింది. కొలతలు అంతకుముందే చూసి ఉన్నాను కాబట్టి సంచులను పైపైన చూసి, సీలు వేసి, విడుదల పత్రం మీద సంతకం చేశాను. పార్శిల్ బెంగళూరు వెళ్లిపోయింది. నాలుగో రోజు చాయ్ వేళ యాదమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"సారూ, మన బందులు గంత దూరం పోతున్నయి గదా. ఉత్తగ సాగనంపుడెట్లని బొట్టు పెట్టి పంపిన."

ఎన్నింటికి పెట్టావని అడిగాను.

"ఒక్కదానికి పెట్టి ఊకుంటే తక్కినయి ఏం పాపం జేసినయి? ఆరింటికీ పెట్టిన. జర నూనె తడి చేసి పెడితే నిలుస్తదని నూనెతోని పెట్టిన. మల్ల గుడ్డతోని మంచిగ తుడిచిన్లే, మీరు ఫికర్ జేయకుండ్రి."

ఆ నూనే అసలు ప్రమాదం. గాలి లేని చోట నూనె నెమ్మదిగా ఆవిరై ఉపగ్రహంలోని కెమెరా అద్దం మీద పొరలా కూర్చుంటుంది. కుంకుమ పొడి బందు రంధ్రంలో చేరితే బందు బిగుసుకోవచ్చు. తుడిచాక మిగిలింది పలచటి నూనె మరకే కావడంతో, అది బంగారు పసుపు పైపూతలో కలిసిపోయి నా కంటికి ఆనలేదు. నేను గట్టిగానే అరిచాను. గోడ మీద అంత పెద్దగా రాసి పెట్టాను కదా, చదవలేదా అన్నాను. షెడ్డులో మిషన్ల చప్పుడును మించి నా గొంతు వినబడింది.

ఆమె ఎదురుతిరగలేదు, ఏడవనూ లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది: "మీరు మీ గేజీలకు పెట్టిండ్రు గద సారూ. గంత కచ్చితంగ కొలిచే వాటికి పెడితే ఏం గాలె. వాటికి కాంది వీటికెట్లయితదనుకున్న."

కొలిచే గేజీ మీద కుంకుమ పొడి పెట్టడం కూడా తప్పే. ఏ తనిఖీ పుస్తకం తెరిచినా మొదటి పేజీలోనే ఆ మాట ఉంటుంది. ముప్పై ఏళ్లలో నన్నెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

నర్సిరెడ్డికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, అప్పటికే ఆ ఆర్డరు మీద ఆశలన్నీ పెట్టుకుని ఉన్నాడు. "ఎవలికి తెలుస్తది సార్? రంగు గూడ కలిసిపోయింది. గిది మీరు రాస్తే వాళ్ల లిస్టులకెల్లి మన పేరు పోతది. ఆమెను తీసెయ్యమంటరు, అప్పుడు నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఆయన చెప్పినవన్నీ జరగడానికి అవకాశం ఉంది. చెప్పకపోతే ఏమీ జరగకపోవడానికి కూడా అంతే అవకాశం ఉంది. ఆ సాయంత్రం దాకా నేను నిర్ణయించుకోలేకపోయాను. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడను.

ఇలాంటప్పుడు కొనుగోలుదారుకు పంపేదాన్ని లోప నివేదిక అంటారు. ఏం జరిగింది, కారణమేమిటి, బాధ్యులెవరు అని మూడు గడులు ఉంటాయి. మొదటిసారి బాధ్యుల గడిలో 'ఒక కార్మికురాలు' అని రాశాను. ఖాజా నా పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఆమెను గిట్ల రాస్తే రేపటి సంది మీకు ఎవ్వలూ ఏం చెప్పరు సారూ," అన్నాడు మెల్లగా. "మీరు రాసుడైతే రాయుండ్రి. లోహం తెప్పియ్యుండ్రి, ఆరు కొత్తయి నేను కోసిస్త."

ఆ కాగితం చింపేసి ఇంకొకటి తీసుకున్నాను. తనిఖీ ఇంచార్జి తన గేజీలకు పూజలో కుంకుమ పెట్టాడని, అది చూసి అదే పద్ధతిని కడిగిన భాగాలకు కూడా పాటించడం జరిగిందని, సీలు వేసేటప్పుడు తిరిగి పరీక్షించలేదని రాశాను. బాధ్యుల గడిలో నా పేరు రాశాను.

రెండు రోజులకు బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల నాణ్యతా విభాగం అధికారి మాట్లాడింది. కోప్పడలేదు. ఆరు బందులనూ తిరస్కరించామని, కొత్తవి పాతిక రోజుల్లో ఇవ్వకపోతే రాకెట్టులో తమ చోటు పోతుందని చెప్పింది. మా షెడ్డు పేరు జాబితాలోంచి తీసేయడం లేదని, అయితే నా సంతకాన్ని ఇకమీదట అంగీకరించబోమని, కొత్త బందులను తమ మనిషే వచ్చి చూసి సంతకం చేస్తుందని కూడా చెప్పింది. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని. ఆ మాట ఫోన్‌లో ఆమెతో అన్నాను కూడా. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. నా ఉద్యోగ జీవితంలో సంపాదించినదంటూ ఉంటే అది ఆ సంతకం విలువ ఒక్కటే.

ఖాజా అన్న మాట ప్రకారం ఆరు బందులూ కోశాడు. యాదమ్మ గరుకు తీసింది, కడిగింది. ఆ రోజుల్లో ఆమె నాతో పనికి సంబంధించిన మాట తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజినీరుకు మా అమ్మాయి కంటే చిన్న వయసు. నా గేజీలను ఒక్కొక్కటిగా తానే తుడుచుకుని, "కొంచెం లైటు పట్టుకుంటారా అంకుల్?" అంది. పట్టుకున్నాను. ఆమె పని చక్కగా చేసింది. పాతిక రోజులు నిండకముందే కొత్త బందులు ఆమె సంతకంతో గేటు దాటాయి.

ప్రయోగం ఆ తర్వాతి ఎండాకాలంలో జరిగింది. అమెరికాలో అప్పుడు సాయంత్రం, మనకు పొద్దున ఎనిమిది లోపే. మొదటి షిఫ్టు వాళ్లందరం క్యాంటీన్‌లో టీవీ ముందు చేరాం. నర్సిరెడ్డి ముందురోజే యాదగిరిగుట్టకు వెళ్లి దర్శనం చేసుకుని, ప్రసాదం పులిహోర తెచ్చాడు. తెర మీద రాకెట్టు నిలబడి ఉంది. పైన తెల్లగా, కింద సగం కట్టెల పొయ్యి మీది గిన్నెలా మసిబారి ఉంది.

"గింత మంచి పనికి కొత్తది పెట్టరా సారూ?" అని యాదమ్మ అడిగింది. పని మాట కాకుండా, కొన్ని నెలల తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అది. ఇంతకుముందు చాలాసార్లు వెళ్లొచ్చిందని, ప్రతిసారీ విప్పి చూసి, బాగుందని సంతకం చేశాకే మళ్లీ పంపుతారని చెప్పాను.

రాకెట్టు లేచింది. నిమిషాల్లో రెండుగా విడిపోయింది. కింది భాగం వెనక్కి తిరిగి, మంట మీద నిలబడుతూ, కాళ్లు చాపి, ఎక్కడి నుంచి లేచిందో దాని దాపునే దిగింది. క్యాంటీన్ చప్పట్లతో మోగిపోయింది. ఖాజా ఈల వేశాడు. నాకు ఆ రాకెట్టు మీద అసూయ కలిగింది. దాన్ని మళ్లీ నమ్ముతారు. రేపు అక్కడ ఎవరో నాలాంటివాడు టార్చి పట్టుకుని దాని ప్రతి బోల్టునూ చూస్తాడు. కిందటిసారి తాను ఏం సరిగా చూశాడో, ఏం చూడలేదో అతనికి తెలుస్తుంది. మా వృత్తిలో అంతటి అదృష్టం చాలా తక్కువ మందికి దొరుకుతుంది.

చప్పట్లు సద్దుమణిగాక యాదమ్మ నావైపు తిరిగింది.

"మరి మనది ఎప్పుడు దిగుతది సారూ?"

"మనది దిగదు యాదమ్మా. అక్కడే తిరుగుతుంటది."

"అంటే ఏదన్న అయితె మల్ల చూసుటానికి రాదా?"

రాదన్నాను. "గందుకేనా సారూ, గప్పుడు బెంగళూరుకు గంత రాసింది?" అంది. అవునన్నాను. ఆమె తల ఊపి పులిహోర పొట్లం నా చేతికిచ్చింది. షిఫ్టు గంట కొట్టడంతో అందరం మిషన్ల దగ్గరికి వెళ్లిపోయాం.

మూడో రోజు బెంగళూరు నుంచి కబురు వచ్చింది. రెండు రెక్కలూ విచ్చుకున్నాయి, కరెంటు వస్తోంది. నర్సిరెడ్డి విడుదల పత్రం నకలుకు పటం కట్టించి ఆఫీసు గోడకు తగిలించాడు. తయారు చేసినవారి గడిలో ఖాజా సంతకం, శుభ్రం చేసినవారి గడిలో తెలుగులో యాదమ్మ సంతకం ఉన్నాయి. తనిఖీ గడిలో బెంగళూరు నుంచి వచ్చిన ఆ ఇంజినీరు సంతకం ఉంది. తర్వాత ఆ కంపెనీ రెండో ఆర్డరు కూడా ఇచ్చింది. నేను మానేసే దాకా నా సంతకాన్ని మాత్రం ఒప్పుకోలేదు. నాకు ఇంకా బాధగానే ఉంది.

ఈ వృత్తిలోకి రాబోయేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇది. ఆ గది గోడకు నేను పదిహేడు నిబంధనలు అంటించాను, వాటిని ఎవరూ చదవలేదు. పండుగనాడు నా బల్ల దగ్గర నేను చేసిన పనిని అందరూ చూశారు, ఒకరు నేర్చుకున్నారు. అలా నేర్పిన పనికి నేను సంతకం పెట్టలేదు, కాని ఆ బాధ్యత నాదే.