పెట్టె దాటని తోలు సంచి

పోయిన ఆదివారం నా కూతురు నన్ను వాకిట్లో నిలబెట్టి అడిగింది. "ఏమ్మా, ఆ సంచికి ఇంకా పురుడు తీరలేదా? మూడు నెలలైంది బీరువాలో పడుకుని." నేనప్పుడు పాత గుడ్డసంచి భుజాన తగిలించుకుని మందిరానికి బయలుదేరుతున్నాను. నాకు ఒళ్ళు మండింది. మండింది పిల్ల అబద్ధం చెప్పినందుకు కాదు, నిజం చెప్పినందుకు. వేసవిలో రాజమండ్రి బజారులో ఆ దుకాణం ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచి, నాలుగోసారి లోపలికి వెళ్ళి కొన్నాను ఆ తోలు సంచి. బెల్లం పాకం రంగు, ఇత్తడి కొక్కెం, లోపల కళ్ళజోడుకు వేరే అర. ఇంటికి తెచ్చి, మెత్తని పంచెలో చుట్టి, చీరల అడుగున పెట్టాను. వానొస్తుందేమోనని ఒకసారి, పడవలో గీసుకుపోతుందని ఇంకోసారి బయటికి తీయకుండా ఊరుకున్నాను. చివరికి ఆ సంచికి మాయకుండా పైన వేయడానికి గుడ్డతో ఒక గలీబు కూడా కుట్టించాను. సంచికి సంచి. ఇరవై ఏళ్ళు ఆడపిల్లలకు చదువు చెప్పి, సగం వేదపుస్తకం చూడకుండా చెప్పగలిగిన మనిషిని, ఒక చచ్చిన దూడ తోలుకు భయపడి బతుకుతున్నాను. దారి పొడుగునా కోపంతోనే నడిచాను. ముందు కూతురి మీద, తరవాత నా మీద, ఆ తరవాత ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మా పెద్దమ్మ మీద.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మ నన్ను కని పోతే, పెళ్ళయిన ఏడాదికే భర్తను పోగొట్టుకున్న ఆవిడ నన్ను ఒళ్ళోకి తీసుకుంది. నరసాపురానికి ఆమడ దూరంలో, కాలువ గట్టున మా పేట. మిషను దొరసానిగారి దగ్గర చదువు నేర్చుకుని ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు అక్షరాలు, వాటితోపాటు దేవుని మాట చెప్పడం ఆవిడ పని. చుట్టుపక్కల అందరూ చదువులమ్మ అనేవారు. పొడుగాటి మనిషి, మగవాళ్ళలా అంగలు వేసి నడిచేది. ప్రార్థన చేస్తే దేవుడికి కూడా అడ్డు చెప్పడానికి సందిచ్చేది కాదు. మా పేటలో పొయ్యి మీద ఎసరు పెట్టే ప్రతి ఆడదీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ కుండ తెచ్చి మందిరంలో గంపలో పోయాలి. అది మా క్రైస్తవ సంఘంలో అలవాటు. ఆ అలవాటును నిలబెట్టింది పెద్దమ్మే. ఎవరి కుండ తేలికగా ఉందో చేత్తో ఎత్తకుండానే కనిపెట్టేది. ఆవిడ దగ్గర చదవడం వచ్చిన ప్రతి ఆడమనిషి పేరూ తన వేదపుస్తకం చివరి కాగితాల మీద సిరాతో రాసుకునేది. ఆ పేర్లే ఆవిడ ఆస్తి.

మా తాతగారు తోలు పని చేసేవారు. కాలువలు రాకముందు బావుల్లోంచి నీళ్ళు తోడే తోలు బానలు కుట్టేవారట. పొలాలకు గోదావరి నీళ్ళొచ్చాక బానలు అడిగేవాళ్ళు తగ్గి, చెప్పులు కుట్టడంలో పడ్డారు. నాకు ఆయన ముఖం గుర్తులేదు కానీ, ఇంటి వెనక తోళ్ళను పదును చేయడానికి తంగేడు చెక్క నానబెట్టిన తొట్టి వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులోనే ఉంది. కూతురైన పెద్దమ్మకు తోలు చూడడం ఆయనే నేర్పారు. మడత పెట్టి వదిలితే ముడత ఎంతసేపటికి పోతుందో చూడాలి, కుట్టు మీద గోరు నడిపితే ఎక్కడా తట్టుకోకూడదు. ఆయన ఒక మాట అనేవారని పెద్దమ్మ తరచు చెప్పేది. "తోలుకి మనిషి చెయ్యి తగులుతుండాలే. తగలకపోతే రెండోసారి చచ్చిపోద్ది."

దొరసానిగారు ఓడెక్కి సీమకు వెళ్ళిపోతూ నరసాపురంలో బంగళా సామాను వేలం వేయించారు. పెద్దమ్మ బడికి గోడ గడియారం కొందామని వెళ్ళింది. నన్ను కూడా తీసుకెళ్ళింది, నాకప్పుడు పన్నెండేళ్ళు. వరండా బల్ల మీద గడియారం పక్కనే ఉంది ఆ సంచి. ముదురు ఎరుపు తోలు, పైన పెద్ద మూత, పక్కన ఇత్తడి మీట. పెద్దమ్మ గడియారం సంగతి మరిచిపోయింది. సంచి తీసుకుని మడత పెట్టింది, వదిలింది, గోరు నడిపింది, వాసన చూసింది. తరవాత ఎన్నాళ్ళుగానో కూడబెట్టుకున్నదంతా దానికే పాడేసింది. అక్కడున్న ఆసామి ఒకాయన నవ్వుతూ, "చదువులమ్మగారు దొరసాని అయిపోతున్నారండోయ్. రేపట్నుంచి మనం దణ్ణాలు పెట్టాలి" అన్నాడు.

"పెడితే వద్దననండి" అంది పెద్దమ్మ. "అయినా అడుగుతాను, మా నాన్న కుడితే అది చెప్పు, సీమలో ఎవరో కుడితే అది వస్తువూనాండి? చెయ్యి చెయ్యే కదా."

అంత గట్టిగా మాట్లాడిన మనిషి తిరుగు పడవలో ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని పైన కొంగు కప్పింది. నేను కొంగు లాగితే నా చేతి మీద కొట్టింది. ఆ వారం ఆదివారం వేదపుస్తకం, పాటల పుస్తకం, కళ్ళజోడు అందులో సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, అన్నీ గుడ్డసంచిలోకి మార్చేసింది. "వానొచ్చేలా ఉంది" అంది. ఆకాశంలో మచ్చుకి ఒక్క మబ్బు లేదు. పై వారం ఎండకు రంగు పోతుందంది. ఆ పై వారం ఊళ్ళో అమ్మవారు పోసింది, ఇంత మంది బాధలో ఉండగా సంచి వేసుకుని తిరుగుతామా అంది. ఇంట్లో మాత్రం రోజూ దాన్ని తీసి, చేతికి రవ్వంత ఆముదం రాసుకుని నిమిరేది. ఆ కాసేపూ ఆవిడ ముఖం చూడాలి.

చివరికి ఒక ఆదివారం వేసుకుంది. గంపలో బియ్యం పోస్తున్న ఆడవాళ్ళందరూ చేతులాపి చూశారు. మా సంఘపెద్దగారు ఆ రోజు చెప్పాల్సిన పాఠం పక్కనపెట్టి, భూమి మీద ధనం కూర్చుకోవడం గురించీ, దాన్ని చిమ్మెట పురుగు తినివేయడం గురించీ చెప్పారు. పేరెత్తలేదు. పేరెత్తాల్సిన అవసరం ఎవరికుంది? ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర మెల్లగా అన్నారు. "అమ్మా, నువ్వు రైతుల ఇళ్ళకి వెళ్ళి చదువు చెప్పేదానివి. పెరటి అరుగు దాకా రానివ్వడమే గొప్ప. తోలు పట్టుకుని వెళ్తే నువ్వెవరి పిల్లవో నువ్వే గుర్తుచేసినట్టు కాదూ? సువార్తకి తలుపులు నీ చేత్తో మూసినదానివవుతావు."

"మీ కాళ్ళకున్నవేంటండి?" అంది పెద్దమ్మ. మిషను దొరగారు ఇచ్చిపోయిన జోళ్ళవి, నడిస్తే కిర్రుమని వీధి చివరికి వినిపించేవి.

"ఇవి కాళ్ళకి కదమ్మా" అన్నారాయన. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నారు.

ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం పొంగుతుంది. దేవుని ముందు అందరూ ఒకటేనని చెప్పే నోటితోనే, తోలు కాళ్ళ కింద ఉంటే సరే, మా చేతుల్లో ఉంటే తప్పని చెప్పాడు. సువార్తను అడ్డం పెట్టుకుని చెప్పాడు. యజమాని ఇచ్చిన సొమ్మును వాడకుండా రుమాలులో చుట్టి దాచిన సేవకుడి దగ్గర ఉన్నది కూడా లాగేసుకున్నారని అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీ ఆయనకు ఎందుకు తెరుచుకోలేదో ఆయనే చెప్పుకోవాలి, చెప్పుకోవాల్సిన చోట. ఆయన వల్లే పెద్దమ్మ సంచి పెట్టెలోకి వెళ్ళిపోయిందని చాలా ఏళ్ళు అందరితో చెప్పాను. మా సంఘం స్త్రీల కూడికలో కూడా ఒకసారి ఉదాహరణగా చెప్పాను. అది సగం అబద్ధం. మిగతా సగం ఇప్పుడు చెప్పాలి.

ఆ మాట పడ్డాక కూడా పెద్దమ్మ ఓడిపోలేదు. పేటలో వద్దంటే పట్నంలో వేసుకుంటాననుకుంది. నేనప్పుడు రాజమండ్రిలో ఆడపిల్లల బడిలో ఉండి చదువుకుంటున్నాను. బహుమతులు పంచే రోజున వచ్చింది. ఉతికిన తెల్ల చీర, భుజాన ఆ ఎర్ర సంచి, తల ఎత్తి బడి గేటులోంచి నడిచి వస్తుంటే ఎవరో గొప్పింటావిడ అనుకున్నారు పిల్లలు. నా పక్కనున్న పిల్ల తండ్రి కచేరీలో గుమాస్తా. ఆ పిల్ల దగ్గరికొచ్చి, "మీ సంచి ఎంత బావుందండి పెద్దమ్మగారూ. ఏ దుకాణంలోదండి?" అని మర్యాదగా అడిగింది. పెద్దమ్మ ముఖం వెలిగింది. అంతవరకూ దాని గురించి మంచిగా అడిగినవాళ్ళు లేరు మరి. "ఇది దూడ తోలమ్మా. ఇలా మడిచి చూడు, ముడత నిలవదు. మా నాన్నగారైతే దీన్ని చూసి..."

"పెద్దమ్మా, ఆపు" అన్నాను నేను. ఆ బడిలో మా తాతగారు ఏం చేసేవారో ఎవరికీ తెలియదు. నేను తెలియనివ్వలేదు. గేటు దాకా సాగనంపుతూ, తల వంచుకుని చెప్పాను. "ఈసారి వచ్చేటప్పుడు అది తేకు."

"అలాగే తల్లీ" అంది. అంతే. కోప్పడలేదు, కారణం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఊరంతటినీ ఎదిరించి మాట్లాడే మనిషి, పద్నాలుగేళ్ళ పిల్ల మాటకు తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ తరవాత సంచి పెట్టె దాటలేదు. వేపాకులు వేసి, నన్ను చిన్నప్పుడు పడుకోబెట్టిన పాత చీర ముక్కలో చుట్టి, అడుగున పెట్టింది. ఆముదం రాయడం కూడా మానేసింది. గుడ్డసంచితోనే ఊళ్ళు తిరిగింది. నా పెళ్ళికి మొగల్తూరు దగ్గర మా అత్తవారి ఊరికి వచ్చినప్పుడు కూడా గుడ్డసంచే. నేను చూశాను, సంతోషించాను కూడా. అదీ రాసుకోవాలి.

ఒక శ్రావణంలో పెద్దమ్మ పొలం గట్టు మీద జారి, గుడ్డసంచితో సహా బోదె కాలువలో పడింది. మనిషికి ఏం కాలేదు. వేదపుస్తకం నానిపోయింది. కబురు తెలిసి వెళ్ళేసరికి పొయ్యి పక్కన కూర్చుని ఒక్కొక్క కాగితం విడదీసి ఆరబెడుతోంది. అచ్చు అక్షరాలు నిలిచాయి. చివరి కాగితాల మీద తను రాసుకున్న పేర్లన్నీ నీలం మరకలైపోయాయి. తలుపు తీయించుకోవడానికి ఏడాది తిరిగిన ఇళ్ళ పేర్లు, మొగుడికి తెలియకుండా దిద్దుకున్నవాళ్ళ పేర్లు. వేలితో మరక మీద రాస్తూ, "ఇక్కడ ఎవరిదో ఉండాలే. నాలుగక్షరాల పేరు" అంటోంది. గుర్తు రాలేదు. ఆ పెద్ద మూత ఉన్న సంచిలో పెట్టుకుని ఉంటే ఒక్క చుక్క లోపలికి పోయేది కాదు. "పోనీలే, ఆయన దగ్గర రాసే ఉంటాయి" అంది. దేవుడికి సంచి అక్కరలేదు పెద్దమ్మా, నీకు కావాలి అని అరవాలనిపించింది. నేనే వద్దన్నాను కాబట్టి అరవలేదు.

ఆవిడ మంచాన పడిన ఏడాది, దుప్పటి కోసం పెట్టె తెరిచి ఆ మూట బయటికి తీశాను. విప్పితే బూజు వాసన. మా కాలువ గట్టు తేమకు తోలంతా తెల్లగా బూజు పట్టి, మడత దగ్గర ఎండిన చేనులా నెర్రెలు విచ్చి ఉంది. చిమ్మెటలు లోపలి గుడ్డను తినేశాయి. సంఘపెద్దగారు చెప్పిన చిమ్మెటలే. వాడిన దాన్ని తినలేదు, దాచిన దాన్ని తిన్నాయి. మూత ఎత్తబోతే విరిగి నా చేతిలోకి వచ్చింది. పెద్దమ్మ చెయ్యి చాపి తీసుకుని, అలవాటుగా మడత పెట్టి చూసి, పక్కన పెట్టేసింది.

"మా నాన్న ఉంటే కొట్టేవాడు" అంది. "తెలిసి తెలిసి చంపాను."

"ఎందుకు వాడలేదే?" అన్నాను. ఎవరి మీదో కోపంగా అన్నాను.

"నీ పెళ్ళికి తెద్దామని తీశానమ్మా. నూనె కూడా రాశాను. మళ్ళీ నువ్వేమనుకుంటావో అని లోపల పెట్టేశాను."

పోయిన ఆదివారం ఇదంతా తలుచుకుంటూ మందిరం మెట్ల దాకా వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాను. నన్ను చూసి నా కూతురు, "ఏం మరిచిపోయావమ్మా?" అంది. బీరువా తెరిచి, గలీబు పీకి అవతల పారేసి, వేదపుస్తకం, కళ్ళజోడు సంచిలో వేసుకుని మళ్ళీ బయలుదేరాను. ఈసారి ఆకాశంలో నిజంగానే మబ్బులున్నాయి. దారిలో వాన పట్టుకుంది. సంచి మీద నాలుగు బురద చుక్కలు పడ్డాయి. తుడవలేదు. పాటలు అయిపోయాక అడుగుపెట్టిన నన్ను అందరూ తిరిగి చూశారు, ముందు ముఖాన్ని, తరవాత భుజాన్ని.

ప్రార్థన అయ్యాక వరండాలో మా సంఘంలోని ఒక గుమాస్తాగారి భార్య అడగనే అడిగింది. "ఎంత బావుందండి మీ సంచి. ఏ దుకాణంలో కొన్నారు?"

"దుకాణం పేరు తరవాత చెప్తానండి" అన్నాను. అక్కడున్న పదిమందికీ వినపడేలా, నా గొంతు నాకే పెద్దగా తోచేలా చెప్పాను. "ఇది దూడ తోలు. ఇలా మడిచి చూడండి, ముడత నిలవదు. మా తాతగారు తోలు పని చేసేవారు. మా పెద్దమ్మ చెప్పింది నాకు."

ఆవిడ చెయ్యి చాపి, మడిచి చూసింది. నలభై ఏళ్ళు ఆలస్యంగా చెప్పిన మాటకు ఎవరి మెప్పూ నాకు అక్కరలేదు, వినాల్సిన మనిషి ఎలాగూ లేదు. సంచి తోలు ఇంకా బిరుసుగానే ఉంది. చెయ్యి తగిలి తగిలి మెత్తబడడానికి ఏళ్ళు పడుతుంది. నా చేతికి అన్ని ఏళ్ళు మిగిలి లేవు కనుక, ఇప్పుడు కూరల బజారుకు కూడా దాన్నే పట్టుకుపోతున్నాను.