చలి ఊరు ఎంచుకోవడానికి ఇచ్చోడ దాకా

ఆదిలాబాద్ వైపు బదిలీ అడగవచ్చా, అక్కడ సంసారం సాగుతుందా అని ఈ ఏడాది నాకు తెలిసిన ముగ్గురు మాస్టర్లు ఉత్తరాలు రాశారు. ముగ్గురికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేదు. అందుకని నేను, నా భార్య రాజేశ్వరి ఊరు చూసుకోవడానికి వెళ్ళిన రెండు రోజుల ముచ్చట ఇక్కడే రాసేస్తున్నాను. మాది కరీంనగర్‌లో సాలెవాడ. పుట్టింది మగ్గం గుంట పక్కన, పెరిగింది నూలు దుమ్ములో. ఉద్యోగం వచ్చిన బడి అయినా బాగుంటుందనుకుంటే, అది దూది ఏకే షెడ్డుకు గోడ కలిపి ఉంది. ముప్పై రెండేళ్ళకే నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, పాఠం మధ్యలో దగ్గు. డాక్టరు గారు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. "ఇంక క్షయ కాలే. గీ దుమ్ములనే ఉంటే అయితది. పొడి చలి ఉన్న జాగకు పో. ఆరుబయట తిరుగు, చెట్ల కింద పాఠం చెప్పు. మందు రాసిస్త గని, నీకు మందుకన్న గాలి ఎక్కువ అవసరం" అన్నారు.

మా వైపు చలి అంటే ఆదిలాబాద్ పేరే చెప్పాలి. ఉద్యోగులు ఆ పేరు వింటేనే సెలవు పెడతారు. అడవి, జ్వరాలు, చలి, ఇంకా ఏమేమో చెబుతారు. నేను అర్జీ పట్టుకుని పోతే ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆదిలాబాద్‌కు పంపితే ఏడ్సెటోళ్ళను మస్తుమందిని సూసిన సారు. అడుక్కునెటోన్ని గిప్పుడే సూస్తున్న" అన్నాడు. రెండు ఖాళీలు ఉన్నాయట. ఒకటి నాగపూర్ సడక్ మీది ఇచ్చోడలో, ఇంకొకటి అక్కడికి ఐదు మైళ్ళ దూరంలో గుట్టల మీది గూడెంలో. వారం రోజుల్లో ఏదో ఒకటి రాసివ్వాలి. రాజేశ్వరికి మాత్రం రెండూ వద్దు. ఆమె అక్కచెల్లెళ్ళు, మేనత్తలు అందరూ మా వాడలోనే ఉన్నారు. "సూసొద్దాం. నాకు నచ్చకపోతే మాత్రం మల్ల గా మాట ఎత్తద్దు" అంది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది, ఆమె లేకుండా నేను ఒక్క పూట అన్నం వండుకోలేను.

డిసెంబరు నడిమధ్య ఒక శనివారం ఉదయం ఆరింటికి బస్సెక్కాము. కరీంనగర్ నుంచి నేరుగా వెళ్ళే బస్సు కోసం చూడకండి, రోజంతా స్టాండులోనే గడిచిపోతుంది. జగిత్యాలలో దిగి చాయ్ తాగి, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు బస్సు పట్టుకోవాలి. ఆర్మూరులో పదకొండున్నరకు దిగాము. అక్కడ అన్నం తిని ఆదిలాబాద్ బస్సు ఎక్కితే సోన్ వంతెన మీద గోదావరి దాటి రెండింటికల్లా నిర్మల్ వస్తుంది. ఇచ్చోడ దాకా అంతా కలిపి మనిషికి ఐదు రూపాయల లోపే అయింది. సామాను సంగతి చెబితే నవ్వుతారు. రెండు గొంగళ్ళు, మూడు బొంతలు, ఒక కుంపటి, బస్తాలో బొగ్గులు. చలికి ఏంచేయాలో వాడలోని పెద్దలంతా తలా ఒక సలహా ఇచ్చారు. మా చిన్నత్త ఇంకా ముందాలోచనతో ఒక సంచి నిండా నూలు చెత్త కట్టి ఇచ్చింది, తలుపు సందుల్లో కుక్కుకోవడానికి. ఇది మా సాలెవాళ్ళ పద్ధతి. పొడి గాలి తగిలితే మగ్గం మీద పోగులు పటపట తెగిపోతాయి, అందుకని చలికాలం మగ్గం ఇంట్లో చీమదూరే సందు కూడా ఉండనివ్వము.

నిర్మల్ దాటాక ఘాట్ మొదలవుతుంది. అడుగున బస్సు ఆపి ఇంజనుకు నీళ్ళు పోశారు. ప్రయాణికులు దిగి రుమాళ్ళు చెవులకు చుట్టుకుంటున్నారు. డ్రైవరు నడివయసు మనిషి, మీసాలు తెల్లబడ్డాయి. పైన చలి బాగా ఉంటుందా అని అడిగాను.

"ఎంత చలి కావాలె సారు మీకు? పావుశేరా, అద్దశేరా?"

"ఎంత దొరికితే అంత. డాక్టరు తినమన్నాడు."

ఆయన పగలబడి నవ్వాడు. "అయితే ఫికర్ లేదు. ఇచ్చోడల జర ఎక్కువనే తూకమేస్తరు" అని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఘాట్ మలుపులు చూడాలంటే కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. టేకు చెట్లు, లోయ, దూరంగా పొగమంచులో గుట్టలు కనిపిస్తాయి. నాకు దగ్గు వచ్చి చాలాసేపైందని అక్కడే గుర్తొచ్చింది. రాజేశ్వరికి చెబుదామని చూస్తే ఆమె కళ్ళు మూసుకుని తల కిటికీకి ఆనించి ఉంది. మలుపులు అయిపోయాక లేపమంది.

ఇచ్చోడలో దిగేసరికి ఐదు. సడక్ పక్కన లారీలు ఆగే హోటళ్ళు, వాటి వెనుక ఇళ్ళు, జొన్న చేన్లు, ఆ అవతల గుట్టలు. గాలి ముఖానికి తగిలితే నీళ్ళు చల్లినట్టే ఉంది. చివరి హోటలు గంగుబాయిది. కాసె పోసి చీర కట్టిన యాభై ఏళ్ళ మనిషి, మాటకు ముందు చేయి తిప్పుతుంది. హోటలు వెనుక ఒక అర్ర ఉంది, రోజుకు రూపాయి, రెండు పూటలా జొన్న రొట్టె, పిట్ల అందులోనే. పిట్ల అంటే శనగపిండి ఉడికించి చేసే కూర, వేడివేడిగా తినాలి. హోటలు ముందు పెద్ద మంట వేసి ఉంది, చుట్టూ లారీ డ్రైవర్లు, ఊరివాళ్ళు కూర్చుని ఉన్నారు. "బాయీ, సామాను లోపల పెట్టి ఈడ కూసోండ్రి. రొట్టెలు అయినంక పిలుస్త" అంది గంగుబాయి.

రాజేశ్వరికి కొత్తవాళ్ళ మధ్య కూర్చోవడం మొహమాటం. నాకు ఆ సాకు కూడా లేదు. చలి వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చిన మనిషిని, చలి తగలగానే అందరికన్నా ముందు నేనే లోపలికి ఉరికాను. లోగొళ్ళెం పెట్టాము. కుంపటిలో బొగ్గులు వేసి రాజేశ్వరి అంటించింది. నేను చిన్నత్త సంచి విప్పి తలుపు సందులు, కిటికీ సందులు, పెంకులకు గోడకు మధ్య ఉన్న ఖాళీ, అన్నీ నూలు చెత్తతో కుక్కాను. చేయి తిరిగిన పని, పావుగంటలో అర్ర డబ్బాలా బిగుసుకుంది. హాయిగా ఉంది అని కూడా అన్నాను.

కాసేపటికి రాజేశ్వరి తల బరువెక్కుతోంది అంది. బస్సు అలసట అన్నాను. ఇంకాసేపటికి ఆమె మాట్లాడటం మానేసింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. లేచి నీళ్ళు ఇద్దామనుకుంటే నా మోకాళ్ళు నా మాట వినలేదు. తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. "బాయీ, రొట్టెలు సల్లగైతున్నయ్." వస్తున్నాం అన్నాననుకున్నాను. నోట్లోంచి శబ్దం రాలేదు. మళ్ళీ పిలుపు. ఆ తర్వాత తలుపు మీద దబదబ దెబ్బలు. మిరపకాయలు దంచే రోకలితో గంగుబాయి కొట్టింది, నాలుగో దెబ్బకు గొళ్ళెం ఊడివచ్చింది.

ఎవరు ఎవరిని మోశారో నాకు సరిగా తెలియదు. నేలమీద వెల్లకిలా పడి ఉన్నాను, పైన ఆకాశం ఉంది. పక్కన రాజేశ్వరి కక్కుకుంటోంది. ఆ శబ్దం విని నేను ఏడ్చాను. బతికి ఉందని తెలిసి ఏడ్చాను.

"నోరు తెరిసి గాలి తాగుండ్రి. ఇంక, ఇంక" అని గంగుబాయి నా వీపు మీద చరుస్తోంది. మేము కాస్త కుదుటపడ్డాక తిట్టడం మొదలుపెట్టింది. "ఏటేట ఘాట్ కింది ఊర్లకెళ్ళి వచ్చినోళ్ళు గిదే పని చేస్తరు. బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు మూసుకుంటరు. బొగ్గు పొగ కనవడది సారు, మనిషిని పట్టుకపోతది. చలైతే బయటకొచ్చి మంట కాడ కూసోవాలె గని, లోపల మూసుకుంటరా?" తర్వాత లాంతరు పట్టుకుని తలుపు చూసి, నూలు చెత్త పిడికెడు పీకి అందరికీ చూపించింది. "గింత గట్టిగ కుక్కినోళ్ళను మాత్రం నేను సూడలే" అంది. మంట చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, తల పగిలిపోతున్నా సరే. మా ఇద్దరినీ గొంగళ్ళలో చుట్టి ఆ మంట దగ్గరే కూర్చోబెట్టారు. ఒక లారీ డ్రైవరు తన గ్లాసులో చాయ్ రాజేశ్వరికి ఇచ్చాడు. కొత్తవాళ్ళ దగ్గర చాయ్ తాగని మనిషి, రెండు చేతులతో పట్టుకుని తాగింది.

మర్నాడు ఎండపొడలో కూర్చున్నాము. రాజేశ్వరి గొంగడి కప్పుకుని సడక్ వైపే చూస్తోంది. ఆమె వద్దంటే ఎదురు చెప్పే ముఖం నాకు లేదు. మళ్ళీ ఆ షెడ్డు పక్క బడికి, ఆ దుమ్ములోకి పోవలసిందే, డాక్టరు చెప్పినది జరిగే దాకా. గూడెం చూసివద్దామా అని మెల్లగా అడిగాను. "నువ్వు పొయ్యి సూసి రా. నాకింక తల తిరుగుతుంది" అంది.

పోనురాను రెండు రూపాయలకు ఎడ్లబండి మాట్లాడుకున్నాను. బండి తోలే ఆయన పేరు భీంరావు. రెండు గంటల దారి, సగం రాళ్ళు, సగం టేకు ఆకులు. గూడెం చూసి మనసు నిండిపోయింది. గడ్డి కప్పిన బడి, ముందర పెద్ద మైదానం, చుట్టూ అడవి. గుండెల నిండా గాలి పీల్చినా ఒక్క దగ్గు రాలేదు. డాక్టరు చెప్పిన చోటు ఇదే అనుకున్నాను. సారు ఉండే గుడిసె ఎక్కడ అని అడిగితే భీంరావు ఒర్రెకు, అంటే చిన్న వాగుకు, ఇవతల ఒంటరిగా ఉన్న గుడిసె చూపించాడు.

"మరి ఊరు?"

"ఊరు ఒర్రె అవుతల సారు. అద్దమైలు."

"ఒకవేళ ఒంట్లో బాగలేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"పొద్దుగాల పిల్లలు వస్తరు గద సారు" అన్నాడు భీంరావు, నన్ను ఓదార్చినట్టుగా. వాళ్ళు మంచివాళ్ళే, అడిగితే తోడుగా ఎవరినైనా పడుకోబెట్టేవాళ్ళేమో. కానీ ముందు రోజు సాయంత్రం మాకు తెల్లవారే దాకా వ్యవధి లేదు. బండి తిప్పమన్నాను.

మూడింటికి ఇచ్చోడ చేరాను. దారి పొడవునా రాజేశ్వరికి ఎలా చెప్పాలా, ఎలా ఒప్పించాలా అని మాటలు పేర్చుకుంటూ వచ్చాను. హోటలు వెనుక వాకిట్లో ఆమె గంగుబాయి పక్కన కూర్చుని జొన్న రొట్టె తడుతోంది. రొట్టె ఒక పక్క మందం, ఒక పక్క పలచన. పక్కనే వడ్రంగి మా అర్ర తలుపు విప్పి గొళ్ళెం బిగించడానికి కొలత తీస్తున్నాడు.

"గూడెం ఎట్లుంది?" అని రొట్టె మీద నుంచి కళ్ళెత్తకుండా అడిగింది రాజేశ్వరి.

"బాగుంది. కానీ వద్దు."

ఆమె రొట్టె పెనం మీద వేసి, చేయి కడుక్కుని, గంగుబాయి వైపు తిరిగింది. "అక్కా, గీ అర్ర మాకు నెల కిరాయికి ఇస్తవా?" అంది. గంగుబాయి తల ఊపింది. అప్పుడు రాజేశ్వరి వడ్రంగితో అంది: "తలుపు బాగు చెయ్యి అన్నా. లోగొళ్ళెం మాత్రం పెట్టకు."

ఇప్పటికి ఇచ్చోడలో ఒక ఎండాకాలం కూడా గడిచింది. అబద్ధం చెప్పను, ఇక్కడా ఎండలు మండుతాయి, అయినా పొద్దు వాలితే గుట్టల మీది గాలి దిగివస్తుంది. రోజూ తెల్లవారి మూడు మైళ్ళు నడుస్తున్నాను, బడి చాలా రోజులు చెట్ల కిందే నడుస్తుంది. దగ్గు పూర్తిగా పోలేదు కానీ నన్ను వదిలి దూరదూరంగా తిరుగుతోంది. చలి కోసం, గాలి కోసం వచ్చాను, రెండూ దొరికాయి. అయితే మా ప్రాణాలు నిలబెట్టింది అవి కావు. రొట్టెలు చల్లారిపోతున్నాయని రెండోసారి పిలిచి, జవాబు రాకపోతే ఊరుకోని ఒక మనిషి. రాజేశ్వరి పక్కన కూర్చుని అన్నం పెడుతున్న ప్రతి పూటా గంగుబాయికి మనసులో దండం పెట్టుకుంటాను. ఎదురుగా పెడితే తిడుతుంది.

మీరూ ఇటువైపు ఊరు ఎంచుకోవడానికి వస్తే నాది ఒకటే సలహా. గుట్టలు, అడవి, గాలి పగలు చూసుకోండి, కానీ పొద్దుగూకే వేళ కుంపటి బయటే పెట్టి, తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు కూర్చోండి. ఏమైందని ఎవరైనా వచ్చి తలుపు తడితే, మర్నాడే ఆ ఊరి పేరు రాసివ్వండి.