ఆయన వాటా ఆవకాయ

గుండెకు స్టెంట్ వేశాక మా ఆయన మారిపోయారు. ఏళ్ల తరబడి నేను మొత్తుకున్నా మానని చుట్టను, ఖమ్మం గుండె డాక్టరమ్మ ఒక్కమాట చెప్పగానే మానేశారు. ఆవకాయ ముట్టడం లేదు. చెకప్ అంటే చాలు, జుట్టుకు రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చండ్రుగొండలో తొలి బస్సు ఎక్కేస్తారు. నాకు ఒళ్లు మండేది. ఆ కసితో ఆయన వాటా ఆవకాయ కూడా నేనే తినేదాన్ని.

మొన్న నేనూ వెంట వెళ్లాను.

"మీ ఆయన లాగా మాట వినే పేషెంట్లు తక్కువమ్మా," అంది డాక్టరమ్మ.

"నా మాట ఏనాడన్న విన్నడా?" అని అందరిముందూ అరిచేశాను.

ఆమె నవ్వి, నా బీపీ చూసింది. ఆయనకంటే నాదే ఎక్కువ! నాకూ మాత్రలు రాసి, ఆవకాయ మానేయమంది.

"డాక్టరమ్మ చెప్తే వినాలె," అన్నారు ఈయన.

వచ్చే నెల చెకప్ ఇద్దరికీ. నా పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చాను. ఆయన రంగు సీసా మాత్రం దాచేశాను.