చెయ్యి ముందే రాసిన మాట

శాసనసభలో స్టెనోలు పది నిమిషాలకొకరు మారతారు. వచ్చి కూర్చుని రాసుకోవడం, లేచి వెళ్ళి టైపు చేయడం, అంతే. ఎవరి వంతులో ఎవరు మాట్లాడతారన్నది అదృష్టం. వాళ్ళలో ఒకామె మాత్రం పదకొండేళ్ళుగా ఒకే ఒక్క సభ్యుడి కోసం వంతులు మార్చుకుంటోంది. స్టెనోల గదిలో ఆయనకు పెట్టిన పేరు పాతపాట. ఏ సమావేశమైనా అదే వరస: పెద్ద ఆస్తుల మీద పన్ను వెయ్యండి, ఆ డబ్బుతో ఆస్పత్రులు నడపండి, ఏ పనికైనా ఇంతకు తగ్గకూడదని ఒక కూలి రేటు పెట్టండి, ఒకే పనికి ఆడవాళ్ళకు తక్కువ ఇవ్వకండి. చివర్లో గొంతు తగ్గించి ఇంకో మాట: "ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకోవడమూ ఉద్యోగమే. దానికీ జీతం ఉండాలి. సెలవుండాలి, సెలవు రోజున ప్రభుత్వం పంపే బదులు మనిషి ఉండాలి."

"నీ పాతపాట లేచాడు, పరిగెత్తు" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఆమె నిజంగానే పరిగెత్తేది.

పదకొండేళ్ళ కిందట తల్లికి పక్షవాతం వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరిలో ఒకరు ఉద్యోగం మానాలి. అక్కది సర్కారు కొలువు. చెల్లెలు ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేది. ఎవరు మానాలో ఇద్దరూ నోరు తెరిచి అనుకోలేదు. చెల్లెలు మానేసింది. అప్పట్నుంచి, సభ జరిగే రోజుల్లో అక్క చెప్పులు విప్పకముందే ఆ పిల్ల ప్రశ్న ఒకటే: "ఇవాళ అన్నాడా?"

ఈ ఏడు ఆయన పార్టీ ప్రభుత్వంలో చేరింది. ఇన్నాళ్ళూ అడిగినవి చట్టం రూపంలో సభ ముందుకొచ్చాయి. ఆ ఉదయం చెల్లెలు గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్తగా రాయవే, ఒక్క ముక్క పోకూడదు" అంది.

ఆయన లేచాడు. పన్ను వచ్చింది, ఆస్పత్రులు వచ్చాయి, కూలి వచ్చింది, సమాన జీతమూ వచ్చింది. బల్లలు చరిచారు. ఆయన గొంతు తగ్గించాడు. ఆమె పెన్సిలు సాగిపోయింది. రాయడం అయ్యాక తలెత్తి చూస్తే, ఆయన ఆ చివరి మాట అనకుండానే సభకు కృతజ్ఞతలు చెప్పి అప్పటికే కూర్చుని ఉన్నాడు.

టైపు చేసేటప్పుడు ఆ మాట తీసేయొచ్చు. తీయలేదు.

అచ్చుకు పోయేముందు ప్రతిని సభ్యుడికి చూపించాలి. ఆయనే కాగితాలు పట్టుకుని స్టెనోల గదికి వచ్చాడు.

"స్టెనోగారూ, ఈ చివరి మాట నేనన్నానా?"

"లేదండీ. మీరు గొంతు తగ్గించారు, నా చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయింది."

ఆయన నవ్వి కుర్చీ లాక్కున్నాడు. "పొత్తులో ఉన్నవాళ్ళు ఇది తీసేస్తేనే మిగతావాటికి ఓటేస్తామన్నారు. కూలి రేటు వదులుకోలేక దీన్ని వదిలేశాను." కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. "ఉండనివ్వండి. రికార్డులోనైనా ఉంటుంది. ఎవరు చూడొచ్చారు?"

అచ్చయిన ఆ పేజీని ఇంట్లో ఎవరి చేతిలో పెట్టాలో ఆమెకు తెలుసు.

"రేపెవరైనా ఇది చూపించి, ఆయన అడిగాడు, సభే వద్దంది అంటారు సార్. మీరు అడగనేలేదు కదా."

ఆమె ఎర్ర పెన్సిలుతో ఆ మాట కొట్టేసింది.

"ఎన్నికలయ్యాక మళ్ళీ పెడతాను" అన్నాడు లేస్తూ.

"పెట్టండి, రాస్తాను."

సాయంత్రం చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పింది.

"కొట్టేశావా? ఆయనే ఉండనీయమంటే నీకేం పుట్టిందే?"

"అనలేదు కదే."

"పదకొండేళ్ళు అన్నాడు! ఒక్కరోజు అనకపోతే నీ రికార్డు మునిగిపోతుందా?"

లోపల తల్లి మూలిగింది. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, దానికి ఇద్దరుండాలి. పగలు పక్కింటావిడ వచ్చి చెయ్యి వేస్తుంది, ఆదివారాలు మాత్రం రాదు. అక్క భుజాల వైపు, చెల్లెలు నడుము దగ్గర పట్టుకుని తిప్పారు. వీపు తుడిచారు, దుప్పటి ముడతలు లాగారు. కోపం ఆ పనిలోనే కొంత అరిగింది.

"సెలవిస్తే ఏం చేసేదానివే?" అంది అక్క. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"ఏముంది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, చివరి స్టాపు దాకా పోయి రావాలి. ఎవరూ పిలవకుండా."

"ఈ ఆదివారం వెళ్ళిరా. నేనుంటాగా."

"ఒక్కదానివి ఎలా తిప్పుతావు అమ్మని?"

అక్క వంగి తల్లి మోకాళ్ళ మధ్య చిన్న దిండు సర్దింది.

"ఏ నెంబరు బస్సు?" అంది.

చెల్లెలు ఆలోచించకుండా చెప్పింది. ఎన్ని గంటలకు బయల్దేరుతుందో కూడా చెప్పింది.